ఈ ఫ్రైడేనా, వచ్చే ఫ్రైడేనా? హన్మకొండలో నైట్ షిఫ్ట్ ట్రైనింగ్ – నా అనుభవం

అమెరికాలోని క్లినిక్‌లకు హన్మకొండలో కూర్చుని ఫోన్‌లో అపాయింట్‌మెంట్లు పెట్టే ఉద్యోగం నాది. ఈ మధ్యే పర్మనెంట్ అయింది. అప్పటి నుంచి కాలేజీ జూనియర్లు మెసేజ్‌లు పెడుతున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, యాక్సెంట్ ఎట్లా నేర్చుకున్నవ్?" మా ట్రైనింగ్‌లో యాక్సెంట్‌ను పెద్దగా పట్టించుకోలేదు. ఎక్కువ సమయం పోయింది రోజులు, తేదీలు, గంటలు ఇంగ్లిష్‌లో ఎట్లా చెప్పాలి, ఎదుటివాళ్లు చెప్తే ఎట్లా అర్థం చేసుకోవాలి అన్నదాని మీద. మా బ్యాచ్‌లో మధ్యలో వెళ్లిపోవాల్సి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మంచి ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే. వాళ్లు ఆగిపోయింది ఇక్కడే. అందుకని జూన్ నుంచి డిసెంబర్ దాకా జరిగింది వరుసగా రాస్తున్నాను.

మాది నర్సంపేట దగ్గర ఊరు. బీకాం చదివాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. 2025 జూన్ 12న, గురువారం, వాకిన్ ఇంటర్వ్యూ. ఊరి నుంచి హన్మకొండకు బస్సులో గంటకు పైగా పడుతుంది. మహాలక్ష్మి పథకం వల్ల ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి బస్సు ఖర్చు లేదు, గుర్తింపు కోసం ఆధార్ మాత్రం దగ్గర పెట్టుకున్నాను. చౌరస్తా నుంచి ఆటోకు, మధ్యాహ్నం టిఫిన్‌కు కలిపి 100 రూపాయలు దాటలేదు.

మొదటి రౌండ్ కంప్యూటర్ ముందు. హెడ్‌సెట్ పెట్టుకుని, విన్న వాక్యాన్ని మళ్లీ చెప్పాలి. రెండో రౌండ్ హెచ్ఆర్ మేడంతో. చాలామంది సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టి వచ్చారు. మేడం అది అడగనే లేదు. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఏం చేశారో చెప్పండి" అని ఇంగ్లిష్‌లో అడిగింది. ఆ తర్వాత, గోడ మీద కాలెండర్ వైపు చూడనివ్వకుండా, "ఈ రోజు గురువారం, 12వ తేదీ. రెండు వారాలు దాటాక వచ్చే మొదటి సోమవారం ఏ తేదీ?" అంది. జూన్ 30 అని చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆమె తొందర పెట్టలేదు. ఈ ప్రశ్న ఎందుకు అడిగిందో ఆ రోజు తెలియలేదు. ఇప్పుడు రోజుకు ఎన్నోసార్లు చేసే లెక్క అదే.

రెండు రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు. దాదాపు నెల పట్టింది. ఆ నెల రోజులు ఇంట్లో ఉండటం చాలా కష్టమైంది. బాపు పొలం నుంచి రాగానే, "ఫోన్ వచ్చిందా బిడ్డా?" అని అడిగేవాడు. రాలేదని చెప్పలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఆ టెన్షన్‌తోనే నయీంనగర్‌లో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో 3,500 కట్టి చేరాను. వాళ్లు టెన్స్‌లన్నీ బాగానే చెప్పారు. టైమ్ గురించి మాత్రం 'వాట్ ఈజ్ ద టైమ్' దగ్గరే ఆగిపోయారు. ఈ ఉద్యోగం కోసమే అయితే ఆ డబ్బు పెట్టమని ఎవరికీ చెప్పను.

జులై 14, సోమవారం, ట్రైనింగ్ మొదలైంది. చేరే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మన్నారు. బాపు ఒప్పుకోలేదు. ఒరిజినల్స్ చూపించి జిరాక్స్‌లు ఇస్తామంటే వాళ్లూ సరే అన్నారు. కాబట్టి మీరూ అడగండి, భయపడొద్దు. ట్రైనింగ్‌లో నెలకు 8,000 స్టైపెండ్. మొదటి నెలది రెండో నెల చివర వచ్చింది. హాస్టల్‌కు 5,500, అడ్వాన్స్ వేరే. రెండు నెలలకు సరిపడా డబ్బు చేతిలో పెట్టుకునే రండి. నాకు మా అమ్మ మహిళా సంఘం నుంచి అప్పు తెచ్చి ఇచ్చింది.

మా ట్రైనర్ మేడం చాలా ఏళ్లు ఫోన్ల మీద పనిచేసి వచ్చిన మనిషి. మొదటి రోజే చెప్పింది: "గ్రామర్ తప్పు పోతే పేషెంట్ సర్దుకుంటాడు. రోజు తప్పు పోతే ఒక ముసలామె మంచులో కారు నడుపుకుంటూ వచ్చి, తాళం వేసిన క్లినిక్ ముందు నిలబడుతుంది." ఆ మాట నాకు బాగా నాటుకుంది. ఆ తర్వాత దేన్నీ పరీక్ష కోసం చదివినట్టు చదవలేదు.

ఆన్, ఇన్, ఎట్ ఒక్క పూటలో అయిపోయాయి. గడియారం టైమ్‌కు ఎట్, రోజుకూ తేదీకీ ఆన్, నెలకూ ఏడాదికీ ఇన్. పొద్దునకు 'ఇన్ ద మార్నింగ్', కానీ రోజు పేరు చేరితే 'ఆన్ మండే మార్నింగ్'. రాత్రికి 'ఎట్ నైట్'. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ ముందుంటే ఇవేవీ పెట్టకూడదు, 'ఆన్ నెక్స్ట్ మండే' అనరు. మన దగ్గర అందరూ అనే 'టుడే మార్నింగ్', 'యెస్టర్‌డే నైట్' అక్కడివాళ్ల చెవికి వింతగా ఉంటాయి. వాళ్లు 'దిస్ మార్నింగ్', 'లాస్ట్ నైట్' అంటారు. 'సిన్స్ టూ ఇయర్స్' కాదు, 'ఫర్ టూ ఇయర్స్'. సిన్స్ తర్వాత ఎప్పుడు మొదలైందో రావాలి: 'సిన్స్ 2023', 'సిన్స్ మండే'. ఇవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి.

పుస్తకంలో దొరకనివి రెండో వారం నుంచి వచ్చాయి.

'ఇన్ టూ వీక్స్' అన్నది మా బ్యాచ్‌లో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టింది. మనం 'రెండు వారాల్లో వస్తాను' అంటే ఆ రెండు వారాల లోపల ఎప్పుడైనా అని. ఇంగ్లిష్‌లో డాక్టర్ 'కమ్ బ్యాక్ ఇన్ టూ వీక్స్' అంటే రెండు వారాలు గడిచాక రమ్మని. లోపల అనాలంటే 'వితిన్'. కుట్లు విప్పే అపాయింట్‌మెంట్ అయితే ఈ తేడాకు గాయం మానకముందే మనిషిని పిలిచినట్టవుతుంది. మేడం దీని మీదే ఒక పూటంతా ప్రాక్టీస్ చేయించింది.

బై, అంటిల్ కూడా అట్లాంటివే. ఇన్సూరెన్స్ కార్డు కాపీ 'బై ఫ్రైడే' పంపాలంటే శుక్రవారం లోపు ఒక్కసారి పంపితే చాలు. మందు 'అంటిల్ ఫ్రైడే' వేసుకోవాలంటే శుక్రవారం దాకా వేసుకుంటూనే ఉండాలి. తెలుగులో రెంటికీ 'శుక్రవారం వరకు' అనేస్తాం కాబట్టి నోటికి ఏది వస్తే అది వస్తుంది. 'ఫైవ్ పీఎం లోపు', 'ఫైవ్ పీఎం దాకా' అని తెలుగులో ముందు విడదీసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లోకి వెళ్లమంది. అది నాకు బాగా పనికొచ్చింది.

ఇంకో రోజు బోర్డు మీద ఒక వాక్యం రాసింది. బుధవారం మీటింగ్ రెండు రోజులు 'మూవ్డ్ ఫార్వర్డ్' అయింది, ఇప్పుడు ఏ రోజు? క్లాసులో సగం మంది సోమవారం అన్నారు, సగం మంది శుక్రవారం అన్నారు. రెండు వైపులా గట్టిగా వాదించారు. చివరికి మేడం చెప్పింది: పుట్టినప్పటి నుంచి ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు కూడా ఇట్లాగే రెండుగా చీలిపోతారట. తెలుగులో 'ముందుకు జరిపారు' అన్నా అంతే కదా, తొందరగా అనా, తర్వాత అనా? అందుకే పేషెంట్‌తో ఆ మాటే వాడొద్దంది. 'మనం బుధవారం నుంచి సోమవారానికి మారుస్తున్నాం' అని రెండు రోజుల పేర్లూ చెప్పాలి. 'ప్రీపోన్' అసలే అనొద్దు. ఇక్కడ అది ప్రతి ఆఫీసులో నడుస్తుంది కానీ, అమెరికాలో చాలామందికి అది తెలియదు. వాళ్లకు 'మూవ్ అప్' అంటే ముందే పెట్టడం, 'పుష్ బ్యాక్' అంటే వాయిదా.

ఇక 'నెక్స్ట్ ఫ్రైడే'. మంగళవారం నాడు ఒకరు ఫోన్ చేసి 'నెక్స్ట్ ఫ్రైడే' అంటే మూడు రోజుల్లో వచ్చే శుక్రవారమా, ఆ పైవారం శుక్రవారమా? ఎక్కువమంది అమెరికన్లకు రాబోయేది 'దిస్ ఫ్రైడే', ఆ తర్వాతిది 'నెక్స్ట్ ఫ్రైడే'. కానీ అందరూ అట్లా అనరు. ఒకే ఇంట్లో మొగుడూపెళ్లాలు వేరువేరుగా అనుకుని, ఫోన్‌లోనే వాదించుకోవడం నేను విన్నాను. ఇందులో సరైన జవాబు అంటూ లేదు. మూడు రోజులు కష్టపడి దీనికి రూల్ వెతుకుతున్న మాకు ఆ సంగతి తెలిశాక చాలా హాయిగా అనిపించింది. రూల్ ఇంగ్లిష్‌లో లేదు, మా స్క్రిప్ట్‌లో ఉంది: రోజు పేరు, నెల, తేదీ, టైమ్, పొద్దునో సాయంత్రమో, టైమ్ జోన్ అన్నీ కలిపి చెప్పాలి. 'ఫ్రైడే, ఆగస్ట్ ఫిఫ్టీంత్, ఎట్ టెన్ థర్టీ ఇన్ ద మార్నింగ్, ఈస్టర్న్ టైమ్.' (ఈస్టర్న్ అంటే అమెరికా తూర్పు వైపు టైమ్.) చెప్పాక పేషెంట్ చేత కూడా చెప్పించాలి. నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ చివరి మెట్టు. వాళ్లు 'ఓకే' అంటే అర్థమైందని కాదు, వాళ్ల నోటితో తేదీ రావాలి.

రోజు పేరు ఒక్కటే ఎందుకు సరిపోదంటే, ఫోన్‌లో ట్యూస్‌డే, థర్స్‌డే ఒకేలా వినిపిస్తాయి. అమెరికన్లు మొదటిదాన్ని 'టూజ్‌డే' అంటారు, మనం రెండోదాన్ని 'తర్స్‌డే' అంటాం. లైన్ బాగా లేకపోతే ఎవరు చెప్పింది ఎవరికి ఏదిగా చేరిందో తెలియదు. థర్టీన్, థర్టీ కూడా అంతే. థర్టీన్‌లో వెనక భాగం ఒత్తి పలకాలి, థర్టీలో ముందు భాగం. మనం రెండూ సమానంగా పలుకుతాం. అందుకని 'థర్టీన్, వన్ త్రీ' అని అంకెలు విడిగా చెప్పడం అలవాటు చేశారు.

ఆగస్టు నెలాఖరులో సర్టిఫికేషన్ కాల్, అంటే ట్రైనింగ్ చివరి పరీక్ష. మేడం పేషెంట్‌గా మాట్లాడుతుంది, కాల్స్ ఎట్లా ఉన్నాయో చూసే క్వాలిటీ వాళ్లు వింటారు. మధ్యలో 'బైవీక్లీ ఫిజికల్ థెరపీ కావాలి' అంది. బైవీక్లీ అంటే వారానికి రెండుసార్లు అనీ వస్తుంది, రెండు వారాలకోసారి అనీ వస్తుంది. 'ట్వైస్ ఎ వీక్, ఆర్ ఎవ్రీ అదర్ వీక్?' అని నేను తిరిగి అడిగాను. నేను పాసైంది ఆ ప్రశ్న వల్లేనని తర్వాత చెప్పారు. 'ఎవ్రీ అదర్' నాకు మేడారంతోనే గుర్తుండిపోయింది. సమ్మక్క సారలమ్మ జాతర 2024లో అయింది, ఆ తర్వాతది 2026లో, అంటే 'ఎవ్రీ అదర్ ఇయర్'. ఫలితం కోసం వారం పైన ఎదురుచూశాం. హాస్టల్‌లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. నా రూమ్మేట్ పాస్ కాలేదు. ఆమె ఇంగ్లిష్ నాకంటే ఎంతో బాగుంటుంది. కానీ పుట్టినరోజులు తీసుకోవడంలో ఆగిపోయింది. అక్కడ నెల ముందు, తేదీ తర్వాత. 'ఫైవ్, ఎయిట్, సిక్స్‌టీ వన్' అంటే 1961 మే 8. మనకు అది ఆగస్టు 5. తప్పు కొడితే కంప్యూటర్‌లో పేషెంట్ రికార్డే దొరకదు. తను బ్యాగు సర్దుకుని పరకాల బస్సెక్కిన రోజు నాకు ఉద్యోగం వచ్చిన సంతోషమే లేకుండా పోయింది.

సెప్టెంబర్‌లో లైవ్ కాల్స్, అంటే అసలు పేషెంట్లతో. క్లినిక్ పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా, ఈస్టర్న్ టైమ్. వేసవి టైమ్ (అక్కడ గడియారం ఒక గంట ముందుకు తిప్పి ఉంచే నెలలు) నడిచేటప్పుడు మనం వాళ్లకంటే తొమ్మిదిన్నర గంటలు ముందు. అంటే మా షిఫ్ట్ సాయంత్రం 5:30 నుంచి రాత్రి 2:30 దాకా. సద్దుల బతుకమ్మ నాడు సెలవు దొరకలేదు. ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని పద్మాక్షి గుట్ట వైపు పోతుంటే, నేను క్యాబ్‌లో వాళ్లకు ఎదురుగా ఆఫీసుకు వెళ్లాను. ఆ రోజు ఏడ్చాను. ఇక్కడ చేరాలనుకునే ఆడపిల్లలు ఇది ముందే తెలుసుకోవాలి.

లైవ్‌లో మొదట తికమక పెట్టేది 'టుడే', 'టుమారో'. మనకు రాత్రి 12:30 అయ్యేసరికి మంగళవారం వచ్చేసి ఉంటుంది. అక్కడ ఇంకా సోమవారం మధ్యాహ్నం 3 గంటలు. పేషెంట్ 'టుమారో' అంటే మంగళవారం, మన ఫోన్‌లో కనిపించే తేదీకి 'టుమారో' అయితే బుధవారం. అందుకే మా టేబుళ్ల మీద అమెరికా తేదీ చూపించే గడియారం వేరే ఉంటుంది. షిఫ్ట్‌లో సొంత ఫోన్ చూడొద్దని ఎందుకంటారో దానికి ఈ కారణం కూడా ఉంది.

పెద్దవాళ్లు ఎక్కువగా 'క్వార్టర్ ఆఫ్ ఫైవ్' అంటారు. అది 4:45. 'టెన్ ఆఫ్ ఫోర్' అంటే 3:50. కొత్తవాళ్లు 'క్వార్టర్ ఆఫ్ ఫైవ్'ను ఐదుంబావు అనుకుంటారు. నేను ఇంటికి వెళ్లినప్పుడు బాపుకు చెప్పాను. "పావు తక్కువ అయిదు అంటున్నరు గదా, అండ్ల ఏమున్నది?" అన్నాడు. ఆయనకు ఒక్కసారికే అర్థమైంది. అప్పటి నుంచి ఆ మాట వినగానే నాకు పావు తక్కువ అనే వినిపిస్తుంది.

అన్నిటికంటే భయం పుట్టించేది మిడ్‌నైట్. గురువారం పొద్దున రక్తపరీక్ష ఉంది, 'థర్స్‌డే మిడ్‌నైట్ తర్వాత ఏమీ తినొద్దు' అని చెప్తే, పేషెంట్ అది గురువారం రాత్రి అనుకుని, పొద్దున టిఫిన్ చేసి వచ్చే అవకాశం ఉంది. అర్ధరాత్రి 12 ఏ రోజుకు చెందుతుందన్నది ఎవరికీ ఒకేలా ఉండదు. 12 ఏఎం, 12 పీఎం కూడా అంతే. 12 పీఎం మధ్యాహ్నమే అయినా, చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. మధ్యాహ్నానికి 'నూన్' అని చెప్పడం మాకు నేర్పారు. ఉపవాసానికి మాత్రం 'వెన్స్‌డే నైట్, ఎలెవెన్ ఫిఫ్టీ నైన్ పీఎం తర్వాత' అని చెప్తాం. షుగర్ ఉన్న మనిషిని రెండుసార్లు ఖాళీ కడుపుతో రప్పించడం చిన్న విషయం కాదు. మా అమ్మకు షుగర్ ఉంది, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పొద్దున్నే లైన్లో నిలబడటం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఒక్క వాక్యం మాత్రం నేను ఎంత హడావుడి ఉన్నా నెమ్మదిగా చెప్తాను.

నవంబర్ 2న అక్కడ గడియారం వెనక్కి తిప్పారు. నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలను 1 గంట చేస్తారు. మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతారు. మనకు ఇట్లాంటిది లేదు కాబట్టి తేడా పదిన్నర గంటలైంది. షిఫ్ట్ సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30కి మారింది. క్యాబ్ వాళ్లకు ఆఫీసు చెప్పింది. హాస్టల్ వార్డెన్‌కు మేమే చెప్పుకోవాలి. ఆ సోమవారం గేటు తీయించడానికి చలిలో చాలాసేపు నిలబడ్డాం. మీరు ఒక వారం ముందే చెప్పి పెట్టుకోండి. అరిజోనాలో చాలాచోట్ల గడియారం మార్చరు. చలికాలం అక్కడికి వెళ్లే పెద్దవాళ్లు అక్కడి నుంచి ఫోన్ చేస్తే, 'మీ టైమా, క్లినిక్ టైమా?' అని అడగక తప్పదు.

నవంబర్ చివర థ్యాంక్స్‌గివింగ్. నాలుగో గురువారం, 2025లో 27న వచ్చింది. 26న ఫోన్ చేసినవాళ్లకు 'త్రీ బిజినెస్ డేస్‌లో రిపోర్ట్ వస్తుంది' అని చెప్పమన్నారు. గురువారం సెలవు, శని ఆదివారాలు లెక్కలోకి రావు. శుక్రవారం క్లినిక్ తెరిస్తే డిసెంబర్ 2 మంగళవారం, మూస్తే 3 బుధవారం. నేను టీమ్ లీడర్ సార్‌ను అడిగి, శుక్రవారం మూసి ఉంటుందని తెలుసుకుని, ప్రతి ఒక్కరికీ 'వెన్స్‌డే, డిసెంబర్ థర్డ్' అనే చెప్పాను. బయాప్సీ రిపోర్ట్ కోసం చూస్తున్న ఒకావిడ తేదీ విన్నాక, "ఇప్పటిదాకా ఇది ఎవరూ చెప్పలేదు" అని పెద్దగా ఊపిరి పీల్చుకుంది. ఎదురుచూడటం ఎంత కష్టమో జూన్‌లో నేనూ చూశాను.

డిసెంబర్ రెండో వారంలో పర్మనెంట్ లెటర్ ఇచ్చారు. జీతం 15,000, నైట్ అలవెన్స్ వేరే. అమ్మ సంఘం అప్పులో సగం కట్టాను.

వెంటనే మేడారం సెలవుకు మెయిల్ పెట్టాను. జాతర 2026 జనవరి 28 బుధవారం నుంచి 31 శనివారం దాకా. 'ఫ్రమ్ వెన్స్‌డే, జాన్యువరీ ట్వెంటీఎయిత్ త్రూ శాటర్‌డే, జాన్యువరీ థర్టీఫస్ట్' అని రాశాను. 'త్రూ' అంటే చివరి రోజు కూడా కలుస్తుంది, 'టు' అంటే కలుస్తుందో లేదో అని మళ్లీ మెయిల్స్ నడుస్తాయి. బుధ, గురువారాలు ఇచ్చారు, శుక్రవారం ఇవ్వలేదు. శనివారం మాకు ఎట్లాగూ సెలవే. ఒక సంగతి చూసుకోండి: సెలవుల సాఫ్ట్‌వేర్‌లో తేదీ మనది, షిఫ్ట్ తేదీ వాళ్లది. మంగళవారం రాత్రి షిఫ్ట్ మనకు బుధవారం తెల్లవారుజామున 3:30కి ముగుస్తుంది. బుధవారం సెలవు పెట్టినా ఆ షిఫ్ట్ పూర్తి చేయాల్సిందే. హెచ్ఆర్‌ను అడిగి ఈ మాట మెయిల్‌లో రాయించుకున్నాను. షిఫ్ట్ దిగాక నేరుగా హన్మకొండ బస్టాండ్‌కు వెళ్లాలని అనుకున్నాను. అమ్మ, బాపు ఊరి నుంచి వేరే బస్సులో వస్తామన్నారు.